మంజూరైన ఒరే

కాలవ పడవల పర్యవేక్షణ సంస్థ డివిజన్ ఆఫీసుకి ఆ సోమవారం తపాలాలో రెండు కవర్లు వచ్చాయి. మొదటిది, ఫ్యాను తిరగడం లేదని నాలుగేళ్ల కిందట రాసిన ఉత్తరానికి జవాబు. ఏ ఫ్యానో తెలియజేయమన్నారు. రెండోది ఉత్తర్వు. ఉద్యోగులందరూ తక్షణం చనువుగా ఉండాలట.

హెడ్ క్లర్కు త్రినాథరావు కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. “కార్యాలయముల యందు వాతావరణము మిక్కిలి బిగుసుకొనియున్నట్లు అధ్యయనమున వెల్లడైనందున, ఉద్యోగులు తమలో తామును, ప్రజలతోను చనువుగా మెలగవలెను. మెలగనివారు తగు చర్యకు పాత్రులగుదురు. మెలగుచున్నట్లు ప్రతి నెల ఐదవ తేదీలోగా మూడు ప్రతులలో నివేదించవలెను.”

ఇంతకీ ఈ ఆఫీసు సంగతి కాస్త చెప్పాలి. కాలవలో సరుకు పడవలు తిరగడం మానేసి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఇప్పుడు మిగిలినవల్లా ఇసక మోసేవి నాలుగు, జనాన్ని అవతలి గట్టుకి దాటించేవి మూడు. ఈ ఏడు పడవల్నీ పర్యవేక్షించడానికి పద్దెనిమిది మంది. పడవకి రెండున్నర మంది చొప్పున పడతారు, ఆ పైన మిగిలిన అరమనిషి డివిజన్ అధికారి వైకుంఠరావుగారని ఊళ్లోవాళ్లు అంటారు గాని, అది మనకెందుకు?

పద్దెనిమిది మందిలో పని వచ్చినవాడు త్రినాథరావు ఒక్కడే. పనంటే రాత. ఆయన రాసిన ముసాయిదాలో వేలు పెట్టడానికి సందు దొరికిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇంట్లో పచ్చడి జాడీ మీద చీటీ అంటించినా “ఇందుమూలముగా మాగాయ” అని రాస్తాడని ఆయన భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. రిటైరవడానికి ఇంకా పది నెలలు. ఈలోగా సూపరింటెండెంటు అయిపోతే గది తలుపు మీద పేరు బల్ల పెడతారు. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే అని ఆఫీసులో అందరూ అనుకుంటారు. అది తప్పు. ఇంకోటుంది. అది కోరిక కాదు కాబట్టి ఎవరికీ తెలీదు.

ఆఫీసు వెనకాల రికార్డు రూం ఉంది. దానికి కాపలా సత్యానందం, అటెండరు. త్రినాథరావు, సత్యానందం మునిసిపల్ హైస్కూల్లో ఆరో తరగతి నించీ ఒకే బెంచీ. కాలవకి ఇటు వీధి త్రినాథరావుది, అటు పేట సత్యానందానిది. ఇటు వీధి పిల్లాడికి ఈత నేర్పింది అటు పేట పిల్లాడు. “ఒరే, కాళ్లు కొట్టుకోరా సన్నాసీ, మునిగిపోతావ్!” అన్నదే వాళ్ల మొదటి సంభాషణ. తర్వాత ఒకడు డిగ్రీ దాకా పోయి క్లర్కయ్యాడు, ఇంకోడు పదో తరగతితో ఆపి అటెండరయ్యాడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఒక ఏర్పాటు జరిగిపోయింది. ఎవరూ మాట్లాడుకుని చేసుకున్నది కాదు. హాల్లో సత్యానందం “సార్” అంటాడు. రికార్డు రూం గుమ్మం దాటి లోపలికొస్తే “ఒరే” అంటాడు. గుమ్మం మీద నిలబడి ఉన్నప్పుడు ఏదీ అనడు, దగ్గుతాడు.

త్రినాథరావుని ఒరే అని పిలిచిన వాళ్లమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అన్నగారు పోయి మూడేళ్లు. భార్య ఏవండీ అంటుంది, పిల్లలు నాన్నగారూ అంటారు, వీధిలో హెడ్డుగారూ అంటారు. ఈ భూమ్మీద ఆయన్ని ఒరే అనే మనిషి సత్యానందం ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్క మాట కోసమే త్రినాథరావు రోజూ ఏదో ఒక పాత ఫైలు కావాలని వంక పెట్టి రికార్డు రూంకి వెళ్తాడు. పదినిమిషాలు కూచుంటాడు, పిచ్చివాగుడు వాగుతాడు, ప్రాణం తెప్పరిల్లి బయటికొస్తాడు. ఇదీ అసలు సంగతి.

వైకుంఠరావుగారు ఉత్తర్వు చూసి కంగారుపడ్డారు. “త్రినాథరావుగారూ, నిర్వచనం లేకుండా మనుషులు చనువుగా ఎలా ఉంటారండీ? ఎవడిష్టం వచ్చినట్టు వాడు ఉంటే అది చనువు అవుతుందా, అరాచకం అవుతుందా? రేపు తనిఖీ వాళ్లడిగితే నేనేం చూపించను? మీరొక నియమావళి తయారు చెయ్యండి. క్రమశిక్షణకు భంగం వాటిల్లని చనువు అయి ఉండవలెను.”

“చిత్తం సార్,” అన్నాడు త్రినాథరావు. కొత్త కాయితం, కొత్త విషయం. మనిషికి హుషారొచ్చేసింది.

రెండ్రోజుల్లో ఇరవై రెండు నిబంధనలు తయారయ్యాయి. మొదటిదే అద్భుతం. “చనువనగా, ఎదుటివారి హోదాను మరచినట్లు కనబడుచు, మరువకుండుట.” వైకుంఠరావుగారు ఆ వాక్యాన్ని మూడుసార్లు పైకి చదివించుకుని, కళ్లు మూసుకుని తల పంకించారు. ఆపైన వయసుల వారీగా వరసల పట్టిక. ముప్ఫై లోపు మగవారు తమ్ముడు, నలభై అయిదు దాకా బావ, ఆపైన బాబాయి. ఆడవారికి అక్క, పిన్ని, మామ్మ. ఇంకా రోజూ పదకొండుంబావు నించి పదకొండున్నర దాకా పిచ్చాపాటీ. దానికి అజెండా ఒకరోజు ముందు పంచాలి.

ఏడో నిబంధన దగ్గర మాత్రం త్రినాథరావు కాస్త ఆగాడు. చనువు ఎవరు ఎవరితో అన్నది తేల్చాలి. భోజనాల వేళ దగ్గరపడింది. పాత కాలవల మాన్యువల్లో దాదాపు ఇలాంటి వాక్యమే ఉన్నట్టు గుర్తొచ్చింది. తీసి చూశాడు. “నీరు ఎగువ నుండి దిగువకు ప్రవహించును. దిగువ నుండి ఎగువకు మళ్లించుట నిషేధము.” నీరు అన్నచోట చనువు అని పెట్టాడు. చక్కగా అతికింది. క్యారేజీ విప్పుకున్నాడు.

మధ్యాహ్నం రికార్డు రూంలో కూచుని సత్యానందానికి మొత్తం చదివి వినిపించాడు. సత్యానందం స్టూలు మీద కూచుని, పాత ఫైలు దుమ్ము దులుపుతూ విన్నాడు.

“బాగా రాశావురా. నీకు రాతొచ్చురా త్రినాథూ,” అన్నాడు. “ఒరే, ఇంతకీ ఇందులో నేనెక్కడున్నానురా?”

“నువ్వు అనుబంధం మూడులో ఉన్నావురా. దిగువ శ్రేణి.”

“అంటే నన్నెవడైనా ఒరే అనొచ్చు, నేనెవణ్ణీ అనకూడదు. అంతేగా?”

“అదంతా కాయితం మీదరా. మనిద్దరికీ ఇందులో సంబంధం ఏవుంది?” అన్నాడు త్రినాథరావు. నిజంగా అలాగే అనుకున్నాడు కూడా.

నియమావళి పై ఆఫీసుకి వెళ్లింది. వాళ్లు మురిసిపోయి, ఇది రాష్ట్రానికే మాదిరి అని మెచ్చుకుంటూ వచ్చే నెల ఒకటో తేదీ నించి అమలు చెయ్యమన్నారు.

ఇక చూడండి. పదకొండుంబావుకి గంట కొట్టేవారు. పద్దెనిమిది మందీ హాల్లోకి వచ్చి గుండ్రంగా కూచునేవారు. ఆ సమావేశాల మినిట్స్ పుస్తకం ఎవరైనా చదివి తీరాలి. “అంశం ఒకటి, ఎండలు. ఎండలు మండుచున్నవని టైపిస్టు శ్రీమతి కుసుమకుమారి అభిప్రాయపడిరి. చర్చానంతరం ఏకగ్రీవముగా ఆమోదించడమైనది. అంశం రెండు, హాస్యం. డివిజన్ అధికారివారు ఒక హాస్యము చెప్పిరి. నవ్వినవారు పదునాలుగురు. నవ్వనివారు ఇద్దరు, వారి సంజాయిషీ కోరడమైనది. సెలవులో ఒకరు.” ఇదే కుసుమకుమారి పాపం, ఓ రోజు పదకొండూ నలభైకి ఫోన్లో చెల్లెలు ఏదో చెబితే పకపకా నవ్వింది. పిచ్చాపాటీ వేళ దాటాక నవ్వినందుకు ఆవిడకి మెమో వచ్చింది. ఆ మెమో ముసాయిదా కూడా త్రినాథరావుదే, బాగానే వచ్చింది.

ప్రజలతో చనువు బాధ్యత కౌంటర్లో కూచునే కొత్త కుర్రాడు ప్రణీత్‌ది. వాడికి ఇరవై నాలుగేళ్లు. మొదటి గిరాకీగా మల్లాడి గంగరాజు వచ్చాడు, పడవ లైసెన్సు కాయితం కోసం. నలభై రెండేళ్లుంటాయి. పట్టికలో చూసుకుని ప్రణీత్ గొంతు సవరించుకున్నాడు.

“ఏం బావా, బాగున్నావా?”

గంగరాజు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు. “ఎవర్నండీ?”

“నిన్నే బావా. ఇంట్లో అంతా కులాసాయేనా? మా చెల్లి ఎలా ఉంది?”

గంగరాజు మొహం మాడిపోయింది. “ఏటండి బాబూ, మా ఆడది మీకు చెల్లెప్పుడయిందండీ? నేనేం తప్పు చేశానో సూటిగా చెప్పెయ్యండి. పడవ లాగేసుకుంటారా ఏటి?”

“అబ్బే, అదేం లేదు బావా. ఇదిగో, ఈ ఫారంలో నా చనువు ఎక్కువయిందా, తక్కువయిందా, సరిపోయిందా, టిక్కు పెట్టు.”

“తమరు ఏది పెట్టమంటే అది పెడతానండి. కాయితం ఇప్పించండి, ఎల్లిపోతాను.”

సాయంత్రానికి రేవు మొత్తం పాకిపోయింది. ఆఫీసోళ్లు చుట్టరికాలు కలుపుతున్నార్రా, ఏదో ఉంది, లేకపోతే బావా అంటారా, అని. పడవలవాళ్లు ఆఫీసు ఛాయలకి రావడం మానేశారు. ఆ నెల నివేదికలో వైకుంఠరావుగారు, చనువు ఫలితంగా ప్రజల నుండి ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయినవని రాయించారు. పై ఆఫీసు వాళ్లు అభినందించారు.

ప్రజలు రాకపోతే ప్రజలతో చనువు ఎలా చూపించాలి? చనువు చూపినట్టు రిజిస్టర్లో రోజుకి ఒక్కొక్కరు కనీసం మూడు టిక్కులు పెట్టాలి. పై నించి కిందికి. అందరికీ కింద ఉన్నవాడు సత్యానందం ఒక్కడే. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎవడో ఒకడు వచ్చి, “ఒరే సత్యం, ఎలా ఉన్నావురా?” అని, రిజిస్టర్ దగ్గరికి పరిగెత్తేవాడు. ప్రణీత్ మొదటిరోజు అనలేక అనలేక అని, మొహం ఎర్రగా చేసుకుని, వెనకనించి వచ్చి సత్యానందం చెయ్యి పట్టుకున్నాడు. “ఏమీ అనుకోకండి తాతగారూ, టిక్కు పెట్టకపోతే ప్రొబేషన్ ఆపేస్తారట.” రెండో వారానికి వాడికి కష్టం పోయింది. “ఒరేయ్, మంచినీళ్లు పట్రా,” అనడం వచ్చేసింది. నాలుగో వారానికి టిక్కు పెట్టడం మర్చిపోయాడు, ఒరే అనడం మాత్రం మర్చిపోలేదు.

అది చూసి త్రినాథరావు ఆ రోజు ఫైలు వంక కూడా పెట్టకుండా వెళ్లాడు. రికార్డు రూంలో తల దించుకుని, “నీకు కష్టంగా ఉందేమిట్రా?” అన్నాడు.

“ఉండదేంట్రా? నా కొడుకంత లేడు వాడు,” అన్నాడు సత్యానందం. మళ్లీ తనే, “సర్లే, ఆళ్ల ఒరే ఆఫీసుదిరా. సాయంత్రం చెప్పులేసుకునేటప్పుడు ఇక్కడే వదిలేసి పోతాను. నీది వేరు కదా. మొహం అలా పెట్టకు, టీ తాగుదాం లే,” అన్నాడు.

అప్పుడైనా త్రినాథరావు ఆ ఏడో నిబంధనని కొట్టేయించి ఉండాల్సింది. అనుకున్నాడు కూడా. కానీ ఆమోదం పొందిన నియమావళిలో తప్పుందని రాయడానికి చెయ్యి రాలేదు. అందులోనూ సూపరింటెండెంటు ఫైలు అప్పుడే పై ఆఫీసులో కదిలింది.

ఇంతలో మరో ఉత్తరం. “సహజ సంభాషణ విభాగపు ప్రత్యేక పరిశీలకులు ఈ నెల పద్దెనిమిదిన ఉదయం పదిన్నరకు ఆకస్మిక తనిఖీకి వచ్చెదరు. ఆ సమయమున ఉద్యోగులు అనుకోకుండా మాట్లాడుకొనుచుండవలెను.”

వారం రోజులు అనుకోకుండా మాట్లాడ్డం సాధన చేశారు. ఎవరు ఎవరి వీపు చరచాలో, ఎవరు “పోదురూ, మీరు మరీను” అనాలో చీటీలు పంచారు. పద్దెనిమిదిన పరిశీలకులవారు తెల్లటి చొక్కాలో దిగారు. హాల్లోకి అడుగు పెట్టగానే పదిమంది ఒక్కసారి కడుపుబ్బ నవ్వారు. ఆయన చిరునవ్వుతో రాసుకున్నారు. వైకుంఠరావుగారు త్రినాథరావు భుజం మీద చెయ్యి వేసి, “ఏమోయ్ త్రినాథం, కాఫీ ఇప్పించవోయ్!” అన్నారు. చెయ్యి నిబంధన ప్రకారం నాలుగు సెకన్లు ఉంచి తీసేశారు. అంతా నిక్షేపంగా జరిగిపోయింది.

జరిగిపోయిందనుకుని త్రినాథరావు రికార్డు రూంలోకి వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. పరిశీలకులవారు చేతులు కడుక్కోడానికి వెనక వరండాలోకి వచ్చారు. పక్కనే రికార్డు రూం కిటికీ.

“ఒరే త్రినాథూ, బీపీ మాత్ర వేసుకున్నావట్రా? ఆ తెల్లచొక్కా ముందు దభీమని పడ్డావనుకో, నిన్నెవడు మోస్తాడ్రా? నాకసలే నడుం పట్టేసింది. పోనీ మీ వైకుంఠం మోస్తాడంటావా, ఆయన నాలుగు సెకన్లకి కింద పడేస్తాడు!”

లోపలి నించి నవ్వు వినిపించింది. త్రినాథరావు నవ్వు. గుక్క తిప్పుకోలేక, బల్ల మీద చరుస్తూ నవ్వుతున్నాడు. ఆ రోజు ఆ ఆఫీసులో ఎవరూ రాసివ్వకుండా నవ్విన నవ్వు అదొక్కటే. పరిశీలకులవారు కొళాయి కట్టేసి, జేబులోంచి పుస్తకం తీసి, నియమం ఏడు ఉల్లంఘన, సమయం పన్నెండూ అయిదు, అని రాసుకున్నారు.

పావుగంటలో విచారణ. వైకుంఠరావుగారి గదిలో పరిశీలకులవారు మధ్య కుర్చీలో కూచున్నారు. బల్ల మీద త్రినాథరావు ప్రమోషన్ ఫైలు ఉంది. సంతకానికి దాన్ని పై ఆఫీసు వాళ్లు పరిశీలకులవారితోనే పంపించారు. గుమ్మం దగ్గర సత్యానందం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“త్రినాథరావుగారూ, దిగువ శ్రేణి ఉద్యోగి ఒకడు ఒక ఎగువ శ్రేణి ఉద్యోగిని ఉద్దేశించి ఒరే అని సంబోధించుట మేము స్వయముగా వినియున్నాము. చనువును ఎగువకు మళ్లించుట నిషేధమని నిబంధన. నిబంధన రచయితలు కూడా తమరే. సంబోధింపబడినది తమరేనా?”

త్రినాథరావు ఫైలు వైపు చూశాడు. సత్యానందం వైపు చూడలేదు. నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అవునండి, అంటే చాలు. నాలుగు అక్షరాలు.

“నన్నా?” అన్నాడు. “నన్ను ఒరే అనేవాళ్లెవరుంటారు సార్?”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని త్రినాథరావుకి ఒక్క క్షణం నమ్మకం కలగలేదు.

“మరి నీవెవరిని సంబోధించితివి?” అని పరిశీలకులవారు సత్యానందాన్ని అడిగారు.

సత్యానందం తడుముకోలేదు. “ఎవర్నీ కాదండి. ఫోన్లో మా తోడల్లుడితో మాట్లాడుతున్నానండి. ఆడి పేరూ త్రినాథేనండి.”

“ఫోను ఏదీ?”

“ఇంటి దగ్గర మర్చిపోయానండి.”

“ఫోను లేకుండా ఫోనులో ఎట్లు మాట్లాడితివి?”

వైకుంఠరావుగారు గబగబా అందుకున్నారు. “సార్, సాధన చేసుకుంటున్నాడేమోనండి. ఒంటరిగా, ఊహించుకుని. మా ఆఫీసులో చనువు అంతలా నాటుకుపోయిందండి.”

పరిశీలకులవారి మొహం వెలిగిపోయింది. “ఏకాంతమున సైతము చనువు సాధనయా! మరి ఆ నవ్వు?”

“అదీ వాడేనండి. రెండు గొంతులూ వాడే.”

ఆ వారంలో సత్యానందానికి ప్రశంసాపత్రం వచ్చింది, ఏకాంత చనువు సాధనకి. త్రినాథరావుకి ప్రమోషన్ వచ్చింది. గది తలుపు మీద పేరు బల్ల బిగించారు. భార్య పాయసం చేసి పంపించింది. డబ్బాలో సగం వేరే గిన్నెలో పోసుకుని ఆయన రికార్డు రూంకి వెళ్లాడు.

సత్యానందం లేచి నిలబడ్డాడు. “రండి సార్. ఏ ఫైలు కావాలండి?”

“ఒరే, ఇది రికార్డు రూంరా.”

“తెలుసండి.”

“పాయసం తెచ్చానురా.”

“బల్ల మీద పెట్టండి సార్. తర్వాత తాగుతాను.”

త్రినాథరావు గిన్నె బల్ల మీద పెట్టాడు. “తప్పయిపోయిందిరా సత్యం. తిట్టు. పోనీ కొట్టు. ఆ ఫైలు చూసి భయపడ్డానురా. నువ్వు నన్ను కాపాడావు, నాకు తెలుసు.”

“కాపాడ్డానికేముందండి, అబద్ధమే కదా,” అన్నాడు సత్యానందం. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. “నన్ను మీ ఎదురుగానే ఆఫీసులోవాళ్లందరూ ఒరే అన్నారు. నాకేం అనిపించలేదు. ఇక్కడొకటుంది కదా అనుకునేవాణ్ణి. మీరు నన్ను తెలీదనుంటే అదో రకం. మీ పక్కన కూచుని యాభయ్యేళ్లు పిలిచిన పిలుపుని లేదనేశారు. లేనిదాన్ని నేనిప్పుడెక్కణ్ణించి తెచ్చేదండి? నా వల్ల కావటం లేదండి. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.”

రోజూ వెళ్లాడు త్రినాథరావు. నెల్లాళ్లు వెళ్లాడు. సత్యానందం ఫైలు అడిగితే ఫైలిచ్చేవాడు, టీ అడిగితే టీ తెచ్చేవాడు. సార్ అనేవాడు. ఇంట్లో ఏవండీ, వీధిలో సూపరింటెండెంటుగారూ, ఆఫీసులో సార్, రికార్డు రూంలో సార్. అద్దం ముందు నిలబడి, ఒరే త్రినాథూ, అని తనే అనుకుని చూశాడు ఓ పొద్దున. ఏడుపొచ్చింది.

ఏడ్చి మొహం కడుక్కున్నాక ఆయన ఏం చేశాడంటే, కాయితం తీశాడు. మరి చేతనైనది అదే కదా.

“ఏడవ నిబంధనకు సవరణ. ప్రత్యేక సందర్భములలో, ఎగువ శ్రేణి ఉద్యోగి అభ్యర్థనపై, నిర్దిష్ట దిగువ శ్రేణి ఉద్యోగి ద్వారా ఒక సంబోధన మేరకు చనువును ఎగువకు మళ్లించుటకు అనుమతింపవచ్చును.” కింద తన దరఖాస్తు జతచేశాడు. కారణం అన్నచోట చాలాసేపు ఆలోచించి, “వ్యక్తిగత అవసరం” అని రాశాడు.

వైకుంఠరావుగారు బెదిరిపోయారు గాని, పై ఆఫీసు వాళ్లకి మహా నచ్చింది. దేశంలోనే మొదటిసారిగా ఊర్ధ్వముఖ చనువు అన్నారు. సంబోధన పూర్తి పాఠం పంపమన్నారు. త్రినాథరావు రాసి పంపాడు. మూడు కమిటీలు చూశాయి. “సన్నాసీ” అన్న మాట తీసేశారు. సత్యానందాన్ని పిలిచి అభ్యంతరం ఉందా అని అడిగితే, “ఆర్డరయితే చెయ్యాలి కదండి,” అని సంతకం పెట్టాడు. ఒకే ఒక్క ఒరే, రోజూ పదకొండుంబావుకి, సెలవు రోజులు మినహా, దరఖాస్తుదారు పదవీ విరమణ చేయు తేదీ వరకు మంజూరు చేయడమైనది, అని ఉత్తర్వు వచ్చింది.

మొదటిరోజు హాల్లో జంపఖానా పరిచారు. పరిశీలకులవారు మళ్లీ దయచేశారు. ఫొటోగ్రాఫరొచ్చాడు. త్రినాథరావుని కుర్చీలో కూచోబెట్టారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, గంట కోసం చెవులు రిక్కించి కూచున్నాడు. నోట్లోంచి మాట రావటమే కష్టం, ఒకసారి వచ్చేస్తే దారి పడుతుంది, రేపు మామూలైపోతుంది, అనుకుంటున్నాడు.

గంట మోగింది. సత్యానందం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లజోడు పెట్టుకుని కాయితం విప్పాడు.

“ఒరే త్రినాథూ, టీ తాగావట్రా అండి.”

పరిశీలకులవారు చెయ్యెత్తారు. “అండి అనునది పాఠములో లేదు. సహజత్వము చెడుచున్నది. మరల.”

సత్యానందం కాయితం సరిగ్గా పట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

“ఒరే త్రినాథూ, టీ తాగావట్రా?”

ఈసారి సరిగ్గా వచ్చింది. అదే గొంతు. అదే విరుపు. త్రినాథరావుకి ఒళ్లు ఝల్లుమంది. హాలూ, జంపఖానా, తెల్లచొక్కా అన్నీ మర్చిపోయాడు. కుర్చీలోంచి లేచి సత్యానందం చెయ్యి పట్టేసుకున్నాడు.

“లేదురా సత్యం, నీకోసమే ఆగానురా. నువ్వు తాగావట్రా?”

సత్యానందం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాయితం వైపు చూశాడు. పై నించి కింది దాకా వెతికాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు.

“దానికి నేను చెప్పాల్సింది ఇందులో లేదు సార్,” అన్నాడు.

లేదు మరి. రాసింది త్రినాథరావే.